చంద్రగిరి, తిరుమల, తలకోన: జీపీఎస్ పట్టుకొని మూడు రోజులు

జియోకేషింగ్ అంటే ఎవరో దాచిన చిన్న డబ్బాను అక్షాంశ రేఖాంశాల ఆధారంగా వెతికి పట్టుకొని, అందులోని చీటీలో పేరు రాసి, డబ్బాను మళ్ళీ అక్కడే పెట్టి రావడం. పౌరులు వాడే జీపీఎస్ సంకేతాల్లో కావాలని కలుపుతూ వచ్చిన తప్పును 2000 మే 2న అమెరికా ప్రభుత్వం తీసేసింది. ఆ మరునాడే ఒరెగాన్ రాష్ట్రంలో ఒకాయన అడవి అంచున బకెట్ ఒకటి దాచిపెట్టడంతో ఈ ఆట మొదలైంది. బెంగళూరులో ఉండే మా బావకు ఇది పదేళ్ళ వ్యసనం. సంక్రాంతి సెలవులకు ఆయన చేతిలో పట్టుకొనే తన జీపీఎస్ యంత్రం గార్మిన్ ఈట్రెక్స్ 20తో తిరుపతికి వచ్చినప్పుడు, మా అబ్బాయిని వెంటబెట్టుకొని ముగ్గురం మూడు రోజులు తిరిగాం. డబ్బాలు మాత్రం ఎక్కడా దాచకూడదని ముందే అనుకున్నాం. ఆ చోటికి చేరినవాళ్ళు చూసి మాత్రమే చెప్పగలిగే ప్రశ్న ఒకటి పెట్టుకోవాలి, జవాబు దొరికితే గెలిచినట్టు.

మా ఇల్లు ఇరుకు కాబట్టి బావకు ఆర్టీసీ బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో గది తీసుకున్నాం. తెల్లవారుజామున బస్సు పట్టుకోవడానికి అంతకంటే అనువైన చోటు లేదు గాని, గది మొత్తానికి ఒకటే ప్లగ్ పాయింటు ఉండడంతో ల్యాప్‌టాప్, ఫోను, బ్యాటరీల ఛార్జరు వంతులు వేసుకోవలసి వచ్చింది. మరుసటి రోజు కపిలతీర్థం రోడ్డులోని మరో లాడ్జికి మారాం. అద్దె మూడు వందలు ఎక్కువైనా, కిటికీ తెరిస్తే ఎదురుగా కొండ, గదిలో రాసుకోవడానికి బల్ల ఉన్నాయి. దర్శనానికి వచ్చేవారికి దేవస్థానం వారి శ్రీనివాసం, విష్ణునివాసం వసతులుండగా బయట గది వెతకనక్కర లేదు. మాలా రాత్రిళ్ళు మ్యాపులు ముందేసుకొని కూర్చొనేవాళ్ళకు మాత్రం బల్ల ఉన్న గది కావాలి.

ఆ బల్ల విలువ తెలిసింది మొదటి రోజు చంద్రగిరి దారిలో. కోట దగ్గరి స్థానాన్ని మా అబ్బాయి ఫోనులో చూసి 13.5835, 79.305 అని చదివితే, బావ మాటల్లో పడి దాన్ని 13 డిగ్రీల 58.35 నిమిషాలు, 79 డిగ్రీల 30.5 నిమిషాలుగా ఎక్కించారు. ఫోను చూపేది డిగ్రీల దశాంశం, ఈ ఆటలో వాడేది డిగ్రీలు, నిమిషాల దశాంశం (డిగ్రీకి 60 నిమిషాలు). నిజానికి అది 13 డిగ్రీల 35.01 నిమిషాలు, 79 డిగ్రీల 18.3 నిమిషాలు కావాలి. అక్షాంశంలో ఒక నిమిషం అంటే దాదాపు 1.85 కిలోమీటర్లు. కోట గుమ్మం ముందు దిగి చూస్తే, మేము వెళ్ళవలసిన చోటు ఈశాన్యంగా 48 కిలోమీటర్ల అవతల, కోడూరు వైపు కొండల్లో ఉందని యంత్రం తెర మీది బాణం చూపించింది. ‘మామా, మనం కోటకే గదా వచ్చింది’ అని మావాడు అడిగేదాకా బావ ఆ బాణాన్నే నమ్ముకొని నిలబడ్డారు.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఈట్రెక్స్ 20లో విద్యుత్ దిక్సూచి లేదు, అది ఉన్నది ఈట్రెక్స్ 30లో. కదులుతున్నంతసేపే బాణం సరైన దిక్కు చూపుతుంది, ఆగితే ఎటో తిరిగిపోతుంది. చివరి పది మీటర్లలో యంత్రాన్ని జేబులో వేసుకొని కళ్ళతో వెతకడమే మేలు. కోటలో తిరగడానికి ఈ ఆట చక్కగా పనికొచ్చింది. రాజమహల్లోని పురావస్తు మ్యూజియానికి శుక్రవారం సెలవు కాబట్టి ఆ రోజు తప్ప ఎప్పుడైనా పోవచ్చు.

తిరుమలలో కథ వేరు. అలిపిరి తనిఖీలో సిబ్బంది యంత్రాన్ని చేతిలోకి తీసుకొని, దారి చూపే మిషనని చెప్పగానే తిరిగి ఇచ్చారు. అదే ఏ రాతి సందులోనో అనామకపు డబ్బా కనబడితే వాళ్ళు ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా. ఘాట్ రోడ్డు పక్కన, 250 కోట్ల ఏళ్ళకు పైబడిన గ్రానైటు మీద చాలా తర్వాతి కాలపు నగరి క్వార్ట్‌జైటు అనే గట్టి రాతి పొరలు కూర్చున్న చోటుంది. నడుమ దాదాపు 80 కోట్ల ఏళ్ళ చరిత్ర రాతిలో కనబడదు. అక్కడ బస్సు ఆగదు. అందుకే ఆ స్థానానికి సమీపించగానే కూత పెట్టేలా యంత్రంలో హెచ్చరిక పెట్టుకున్నాం. కూత వినగానే ముగ్గురం ఒకేసారి కిటికీ వైపు ఒరిగితే ముందు సీటు పెద్దావిడ ఏనుగు కనబడిందేమోనని లేచి నిలబడ్డారు. శిలాతోరణం దగ్గర కంచె ఉంది కాబట్టి ప్రశ్న కూడా కంచె బయట నుంచే జవాబు దొరికేలా పెట్టుకున్నాం.

తలకోనకు తిరుపతి నుంచి బస్సులున్నా తిరుగు ప్రయాణం మన చేతిలో ఉండదు. కారు మాట్లాడుకొని భాకరాపేట ఘాట్ మీదుగా వెళ్ళాం. జీపీఎస్ యంత్రం ఫోను కంటే ఎక్కడ మెరుగో ఇక్కడే తెలిసింది. లోయలోకి దిగాక ఫోనులో సిగ్నల్ పోయింది, ముందుగా మ్యాపు దించుకోని మా అబ్బాయి తెర బూడిదరంగు గళ్ళుగా మిగిలింది. అందరూ కలిసి గీసే ఉచిత మ్యాపు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి చేసిన మ్యాపును బావ మెమరీ కార్డులో ముందే వేసుకొచ్చారు. రెండు పెన్సిల్ బ్యాటరీలతో ఆ యంత్రం పాతిక గంటలు నడుస్తుందని కంపెనీ చెబుతుంది. మాకు రెండు పగళ్ళు మార్చకుండా వచ్చాయి. అయితే ఊళ్ళో తిరగడానికి, కోట చూడడానికి దానికోసం డబ్బు పోయడం అనవసరం. మ్యాపు దించుకున్న ఫోను, ఈ ఆట కోసం చేసిన సీజియో వంటి యాప్ చాలు.

తలకోనలో మరో జాగ్రత్త అవసరం. శేషాచలం ఎర్రచందనం అడవి. బాట వదిలి, చేతిలో యంత్రంతో చెట్ల మధ్య తిరిగేవాణ్ణి అటవీ సిబ్బంది ఏమనుకుంటారో వేరే చెప్పనక్కర లేదు. ‘ఏంది సార్ ఆ మిషను, దేన్ని కొలస్తా ఉండారు?’ అని ఒకాయన అడిగినప్పుడు, మేము పెట్టుకున్న స్థానాలన్నీ సిద్ధేశ్వరాలయం నుంచి జలపాతానికి పోయే మామూలు దారిలోనే ఉన్నాయని చూపించాక ఆయనే ముందు నడిచి దారి చూపారు.

జలపాతం కింద మాత్రం యంత్రం చేతులెత్తేసింది. 270 అడుగుల రాతిగోడ ఆకాశాన్ని సగం మూసేస్తుంది. ఉపగ్రహాల నుంచి వచ్చే మిగతా సంకేతాలు ఆ గోడకు తగిలి వెనక్కి వచ్చేసరికి స్థానం ఇరవై, ముప్పై మీటర్లు అటూ ఇటూ దూకింది. అక్కడి ప్రశ్న జవాబును కళ్ళతోనే తేల్చుకున్నాం. ఆ రాత్రి కపిలతీర్థం రోడ్డు గదిలో, గార్మిన్ వారి కంప్యూటర్ ప్రోగ్రాం బేస్‌క్యాంప్‌లో మా నడక గీతను తెరిచి చూశాం. బండ మీద కూర్చొని పెరుగన్నం తిన్న అరగంటా యంత్రం మమ్మల్ని నీళ్ళలోకి, గోడలోకి తిప్పుతూ నాలుగు వందల మీటర్లు నడిపించింది. ఆ నాలుగు వందలు తన లెక్కలోనే కలపాలని మా అబ్బాయి, చెరిపేస్తానని బావ, పదకొండింటి దాకా వాదులాడుకున్నారు.