పాతబస్తీ ఆదివారం నడక: అషూర్‌ఖానా గోడ కోసమైనా వెళ్ళండి

పాతబస్తీలో ఆదివారం ఉదయం వారసత్వ నడకలు నడిపేవారు ఇప్పుడు చాలామందే ఉన్నారు. నేను వెళ్ళినది గుల్జార్ హౌజ్ దగ్గర ఆరున్నరకు మొదలవుతుంది. చార్మినార్ చుట్టి, పత్తర్‌గట్టి మీదుగా, మొహర్రం సంతాపం కోసం కట్టిన బాద్‌షాహీ అషూర్‌ఖానాకు వెళ్ళి, మూసీ వంతెన నయాపూల్ మీద ముగుస్తుంది. మనిషికి ఆరు వందలు. ఆ డబ్బు అషూర్‌ఖానాలో గడిపిన అరగంటతోనే చెల్లిపోయిందని నా లెక్క. మిగతా దారిలో మెచ్చుకోదగినవీ ఉన్నాయి, నిర్వాహకులు తప్పకుండా మార్చవలసినవీ ఉన్నాయి.

నేను కూకట్‌పల్లిలో ఒక టైల్స్ దుకాణంలో డిజైన్ పని చూస్తాను. ఇల్లు కట్టుకునేవాళ్ళు ఇస్తాంబుల్ మసీదు గోడనో, లిస్బన్ వీధిలో నీలం పలకలు పరిచిన ఇంటినో ఫోనులో చూపించి, పూజగదికి ఇలాంటిది కావాలంటారు. ఆ బొమ్మలు నాకూ ఇష్టమే. కానీ నాలుగు వందల ఏళ్ళ నాటి పలకల పని మెట్రో ఎక్కి ఎంజీబీఎస్‌లో దిగితే కాస్త దూరంలోనే ఉందని చెబితే చాలామంది నమ్మరు. వాళ్ళను అక్కడికి పంపాలంటే ముందు ఆ గోడను ఎలా చూడాలో నాకు తెలియాలి. ఈ నడకకు వెళ్ళింది అందుకే.

మా గైడు పాతబస్తీలోనే పుట్టి పెరిగిన కుర్రవాడు, ఆర్కిటెక్చర్ చదివాడు. చార్మినార్ దగ్గర ఎత్తెంత, మెట్లెన్ని అని మొదలుపెట్టకుండా అందరినీ పక్కకు నిలబెట్టి, గోడమీది సున్నపు పువ్వులను చూడమన్నాడు. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించిన ఈ కట్టడంలో ఆ పువ్వులు, ఆకులు, చిన్న చిన్న కమానులు అన్నీ సున్నంతో చేసినవే. పచ్చి సున్నం మీద చేత్తో దిద్దిన పని అది. ఇసుక, బెల్లం నీళ్ళు, కరక్కాయ రసం కలిపి రోజుల తరబడి నూరిన డంగు సున్నం నెమ్మదిగా గట్టిపడుతుంది కాబట్టి పనివాడికి తీరిక దొరుకుతుందని అతను వివరించాడు. మా మేస్త్రీలలో పెద్దవాళ్ళు కూడా ఇదే మాట అంటారు: సిమెంటు తొందరపెడుతుంది, సున్నం ఆగుతుంది. ఈ నగరానికి రూపరేఖలు గీసిన మీర్ మోమిన్ ఇరాన్‌లోని అస్తరాబాద్ నుంచి వచ్చినవాడన్న సంగతి కూడా అక్కడే చెప్పాడు. ఆ ఒక్క మాటతో తర్వాత చూడబోయే ఇరానీ తరహా పలకల గోడకు దారి వేశాడు.

చార్మినార్ దగ్గరి నాలుగు పెద్ద కమానులను, అంటే చార్ కమాన్‌లను, మాత్రం చాలా తొందరగా దాటించాడు. మఛిలీ కమాన్ కింద కాస్త ఆగాం. దుకాణాల బోర్డులు, కరెంటు తీగల మధ్య నుంచి కమాను వంపు సరిగా కనిపించదు, కాబట్టి తప్పు పట్టను. పత్తర్‌గట్టి రాతి కమానుల వరుస మాత్రం ఆ వేళలో చూడవలసిందే. షట్టర్లు ఇంకా తెరవరు కనుక స్తంభాల వరుస ఒక చివరి నుంచి రెండో చివరి దాకా అడ్డు లేకుండా కనిపిస్తుంది.

ఇక అషూర్‌ఖానా. 1594లో కులీ కుతుబ్ షాయే కట్టించాడు, పలకల పని 1611 నాటికి పూర్తయింది. ముందున్న ఎత్తయిన చెక్క స్తంభాల మంటపం ఆసఫ్‌జాహీల, అంటే నిజాంల, కాలంలో చేర్చినది. మొహర్రంలో పీర్లను నిలిపే చోటు కాబట్టి చెప్పులు వదిలి, తల మీద కొంగు కప్పుకొని లోపలికి వెళ్ళాం. గోడ చూడగానే నేను వెతికింది అతుకులను. అది వృత్తి వల్ల వచ్చిన అలవాటు. ఆరు భుజాల గళ్ళు, వాటి మధ్య నక్షత్రాలు, ఇంకో చోట మనిషికన్నా ఎత్తుగా పీరు ఆకారం. ముదురు నీలం, తెలుపు, ఆకుపచ్చ, వాటన్నిటినీ దాటి కంటికి తగిలే ఆవపిండి పసుపు. ఒక రంగు ముగిసి ఇంకో రంగు మొదలయ్యే ప్రతి చోటా సన్నని గీత ఉంది. అంటే ఒకే పలక మీద రంగులు వేసి కాల్చినది కాదు. ఒక్కో రంగు పలకను విడిగా కాల్చి, చిన్న ఉలితో ఆకారానికి తగ్గట్టు కోసి, ముక్క పక్కన ముక్క పేర్చినది.

దీనిలో కష్టం ఎంతో మా పనివాళ్ళకు తెలుసు. మేము వంపు తిరిగిన ముక్క కావాలంటే కంప్యూటర్‌లో గీసి, నీటి ధారతో కోసే వాటర్ జెట్ యంత్రానికి ఇస్తాం. అయినా మూల దగ్గర పెచ్చు లేస్తే ఆ ముక్క పారేయవలసిందే. ఇక్కడ ఆకు తొడిమ అంత సన్నని ముక్కలను చేత్తో కోశారు. అంత శ్రమ ఎందుకంటే, ప్రతి రంగుకూ దానికి తగిన వేడి వేరు. విడివిడిగా కాలిస్తేనే ఏ రంగుకు ఆ రంగు నిండుగా పండుతుంది. గైడు ఇక్కడ చెప్పిన పోలిక నాకు ఎంతో నచ్చింది. ఇరాన్‌లోని ఇస్ఫహాన్‌లో అక్కడి రాజు షా అబ్బాస్ తన పెద్ద మసీదు మొదలుపెట్టినదీ 1611లోనే. అంత విస్తారమైన గోడలను త్వరగా కప్పాలి కనుక అక్కడ ఎక్కువ చోట్ల ఒకే పలక మీద ఏడు రంగులు వేసి ఒక్కసారే కాల్చారు. వేగం కోసం ఇస్ఫహాన్ ఆ పద్ధతి పట్టిన కాలంలోనే హైదరాబాద్‌లో ఓపిక పట్టి ముక్కలు కోసిన గోడ పూర్తయిందన్న మాట.

తర్వాత అతను గోడ కింది భాగం చూపించి, "అమ్మా, మీరు టైల్స్ వాళ్ళు కదా, ఇక్కడ ఏం మారిందో చెప్పండి" అన్నాడు. అదే డిజైన్, అవే రంగులు. కానీ అతుకులు లేవు. "ఇది పలక కాదు బాబూ, రంగు వేశారు" అన్నాను. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు నీళ్ళు లోపలికి వచ్చి కింది పలకలు పాడయ్యాయట. తర్వాత ఆ చోట్లను రంగులతో నింపారు. వరదను పుస్తకంలో చదవడం వేరు, అది చేరిన చోటును గోడ మీద చూడడం వేరు. నేను అక్కడి నుంచి కదలలేకపోయాను. ఈ సేవను మనస్ఫూర్తిగా సిఫారసు చేయడానికి ఆ ఒక్క ప్రశ్న చాలు. చెప్పేసి వెళ్ళిపోకుండా, చూసేవారి చేతే కనిపెట్టించే గైడు అరుదు.

ఇంత మంచి చోట అరగంటే ఇచ్చారన్నది నా మొదటి ఫిర్యాదు. అక్కడి నుంచి బయటికి రాగానే ఒక ముత్యాల దుకాణంలో ఇరవై నిమిషాలు కూర్చోబెట్టారు. డబ్బు కట్టి గోడలు చూడటానికి వచ్చినవాళ్ళను కొనుగోలుకు తీసుకెళ్ళడం సరికాదు. ఆ ఇరవై నిమిషాలూ అషూర్‌ఖానాకు ఇవ్వండి. రెండోది భాష. పేరు నమోదు చేసేటప్పుడు తెలుగులో చెబుతామన్నారు. తీరా అక్కడ ప్రతి విషయాన్నీ ఇంగ్లీషులో వివరంగా, తెలుగులో రెండు ముక్కలుగా చెప్పారు. గైడుకు తెలుగు చక్కగా వచ్చు. ముప్ఫై మందిని ఒకే గుంపుగా కలపడం వల్ల వచ్చిన ఇబ్బంది ఇది. తెలుగువారికి వేరే గుంపు పెడితే సరిపోతుంది. మా వెనక నడిచిన నల్గొండ దంపతులకు సగం కథ అందలేదు.

చివర నయాపూల్ మీద నిలబడి హైకోర్టు చూపించారు. వరద తర్వాత నగరాన్ని తిరిగి తీర్చిదిద్దిన కాలంలో వచ్చిన భవనం అది. 1920లో ప్రారంభమైంది. జైపూర్‌కు చెందిన శంకర్‌లాల్ గీసిన నమూనాను బ్రిటిష్ ఆర్కిటెక్టు విన్సెంట్ ఎష్ తీర్చిదిద్దారు. ఎర్ర ఇసుకరాయి, గులాబీ గ్రానైటు ఉదయపు ఎండలో బాగున్నాయి. అయితే అప్పటికి అందరూ అలసిపోయి ఉన్నారు. టీ విరామం చార్మినార్ దగ్గర కాకుండా ఇక్కడికి ముందు పెడితే ఎవరైనా ఇంకో పది నిమిషాలు శ్రద్ధగా వింటారు.

వెళ్ళేవారికి కొన్ని మాటలు. మొహర్రం మొదటి పది రోజులు అషూర్‌ఖానా సందర్శకుల కోసం కాదు, మాతం (మొహర్రం సంతాపం) చేసేవారి కోసం. ఆ రోజులు వదిలి మరో తేదీ ఎంచుకోండి. ఆడవాళ్ళు చున్నీ గానీ దుపట్టా గానీ వెంట తెచ్చుకోవాలి. గోడను తాకవద్దు, పెచ్చులు లేచిన చోట్లు ఇప్పటికే ఉన్నాయి. పదేళ్ళు దాటిన పిల్లలైతే హాయిగా నడుస్తారు. నమోదు చేసుకునేటప్పుడే తెలుగు వివరణ కావాలనీ, ముత్యాల దుకాణానికి రామనీ రెండూ గట్టిగా చెప్పండి.