ప్రెయిరీ పూల విత్తనాల ప్యాకెట్: అప్పుడు ఒక స్టార్, ఇప్పుడు నాలుగున్నర

కొన్న ఏడాదే ఒక స్టార్ పడేసి, డబ్బు దండగ అని రాసింది నేనే. ఇది మూడో వేసవి. మాట వెనక్కి తీసుకుంటున్నా.

మాది అమెరికాలోని ఇల్లినాయ్. అంతకుముందు స్టోర్‌లో వైల్డ్‌ఫ్లవర్ మిక్స్ అని కొంటే కాస్మోస్, బ్యాచిలర్ బటన్స్ వచ్చాయి, ఒకటి మెక్సికోది, ఇంకోటి యూరప్‌ది, ఒక్క సీజన్ కళకళలాడి చచ్చిపోయాయి. ఈ ప్యాకెట్ మీద మాత్రం ప్రతి మొక్క పేరూ శాస్త్రీయ నామంతో సహా ఉంది: పర్పుల్ కోన్‌ఫ్లవర్, వైల్డ్ బెర్గమాట్, ప్రెయిరీ బ్లేజింగ్ స్టార్, కామన్ మిల్క్‌వీడ్, కంపాస్ ప్లాంట్. అన్నీ ఇక్కడి ప్రెయిరీ, అంటే గడ్డిమైదానం, మొక్కలే.

అర స్టార్ ఎందుకు కోశానంటే, వీటిలో చాలావాటికి తడి చలి తగలందే మొలక రాదన్న అసలు సంగతిని వెనకవైపు చీమ తలకాయంత అక్షరాల్లో వేశారు. నేను చూసుకోకుండా మే నెలలో చల్లేశా. బెర్గమాట్‌కు చలి అక్కర్లేదు కాబట్టి అది వచ్చింది, మిగతావి మరుసటి ఏడాది వసంతం దాకా మట్టిలోనే పడుకున్నాయి. నవంబర్‌లో చల్లేస్తే ఆ పని చలికాలమే చూసుకుంటుంది. లేదంటే తడి ఇసుకలో కలిపి జిప్ కవర్‌లో ఫ్రిజ్‌లో పెట్టాలి, మిల్క్‌వీడ్‌కు 30 రోజులు, బ్లేజింగ్ స్టార్‌కు 60. ఇసుకను పిడికిట్లో పిండితే నీటి చుక్క కారకూడదు. మిగిలిన సగం విత్తనాలు అలాగే పెట్టా, పెరుగు గిన్నె పక్కన మట్టేంటని ఇంట్లో రెండు నెలలు మాటలు పడ్డా. సన్న విత్తనాలను మట్టితో కప్పొద్దు, పైన చల్లి కాలితో తొక్కితే చాలు.

మొదటి ఏడాది కనిపించేదంతా కలుపే. దాన్ని ఆరంగుళాల ఎత్తులో కోస్తూ ఉండాలి, లేకపోతే కింద మొలకలకు ఎండ తగలదు. ఒక కంపాస్ మొలకను కలుపనుకుని తవ్వేశా: పైన రెండే ఆకులు, కింద వేరు నా తాపీ అంత పొడుగు! పెద్దయ్యాక ఆ వేరు 15 అడుగుల దాకా దిగుతుందట, మనమేమో పైన పువ్వేదని తిట్టుకుంటాం.

ఈ జూలైలో బెర్గమాట్ నిండా తుమ్మెదలు. మిల్క్‌వీడ్ మన జిల్లేడుకు చుట్టమే, ఆకు తుంచితే పాలు కారతాయి, ఆ ఆకు కింద గుండుసూది తలంత మోనార్క్ సీతాకోకచిలుక గుడ్డు దొరికింది. కంపాస్ ఇంకా పూయలేదు.

పెరట్లో రోజుకు ఆరు గంటల ఎండ లేకపోతే మాత్రం కొనకండి.