ఏడాదికో నవలా, పదేళ్లకో నవలా? స్టీఫెన్ కింగ్ దారి, డోనా టార్ట్ దారి

ఉద్యోగం చేసుకుంటూ నవల రాయాలనుకునేవాళ్లు నలుగురు కలిస్తే మాటలు తిరిగి తిరిగి ఇక్కడికే వస్తాయి. గబగబా రాసి పూర్తి చేసేయాలా? ఎన్నేళ్లు పట్టినా సరే, చెక్కుతూ కూర్చోవాలా? ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా నాకు ఇద్దరు అమెరికన్ నవలాకారులు గుర్తొస్తారు. స్టీఫెన్ కింగ్ మొదటి నవల 1974లో వచ్చింది. 2015 నాటికి ఆయన నవలలు యాభై అయిదు దాటాయి. డోనా టార్ట్ 1992లో ఒకటి, 2002లో ఒకటి, 2013లో ఒకటి ఇచ్చారు. ఇరవై ఏళ్లు దాటిన కాలంలో మూడంటే మూడే నవలలు.

ముందు కింగ్ సంగతి. మెయిన్ రాష్ట్రంలో డిగ్రీ పూర్తి చేశాక టీచర్ ఉద్యోగం దొరక్క, లాండ్రీలో హోటళ్ల దుప్పట్లు, ఆసుపత్రి బట్టలు ఉతికారు. తర్వాత హాంప్డెన్ అనే ఊళ్లో ఇంగ్లీష్ టీచరయ్యారు. ఇద్దరు పిల్లలు, ట్రైలర్ ఇల్లు (బండికి తగిలించి లాక్కెళ్లగలిగే ఇల్లు). ఖర్చు భరించలేక ఫోన్ కూడా తీసేయించారు. బట్టలుతికే చిన్న గదిలో భార్య టాబితాకున్న టైప్‌రైటర్ పెట్టుకుని రాసేవారు. తన మొదటి నవల 'క్యారీ' తొలి పేజీలు నచ్చక ఉండచుట్టి చెత్తబుట్టలో పడేస్తే, టాబితా వాటిని తీసి, సిగరెట్ బూడిద దులిపి, చదివి, మిగతా కథ ఏమవుతుందో చెప్పమన్నారు. ఆ నవలకు మొదట వచ్చిన అడ్వాన్సు 2,500 డాలర్లు. పేపర్‌బ్యాక్ (పల్చటి అట్టతో వేసే చవక ముద్రణ) హక్కులు 4 లక్షల డాలర్లకు అమ్ముడుపోయాక, అందులో సగం చేతికొచ్చింది. టీచర్ ఉద్యోగానికి సెలవు చెప్పింది అప్పుడే.

ఆయన పద్ధతి 'ఆన్ రైటింగ్' అనే పుస్తకంలో విడమరిచి చెప్పారు. రోజుకు రెండు వేల పదాలు. మొదటి చిత్తుప్రతి మూడు నెలల్లో అయిపోవాలి. తర్వాత కనీసం ఆరు వారాలు సొరుగులో పడేసి, దాని జోలికి వెళ్లకూడదు. మళ్లీ తీశాక పది శాతం కోసేయాలి. ఈ పది శాతం లెక్క ఆయన హైస్కూల్లో ఉండగా, 1966లో, ఒక కథను తిప్పి పంపుతూ ఎవరో సంపాదకుడు చీటీ మీద రాసిన మాట. అప్పటినుంచీ దాన్ని వదల్లేదు.

డోనా టార్ట్‌ది పూర్తిగా వేరే లోకం. మిసిసిపీలో పుట్టి పెరిగారు. వెర్మాంట్‌లోని బెన్నింగ్టన్ కాలేజీలో చదువుతూ 'ద సీక్రెట్ హిస్టరీ' మొదలుపెట్టారు. అది పుస్తకంగా వచ్చేసరికి ఆవిడకు 28 ఏళ్లు, మధ్యలో దాదాపు ఎనిమిదేళ్లు గడిచిపోయాయి. నాలుగున్నర లక్షల డాలర్ల అడ్వాన్సు వచ్చిందని అప్పట్లో పత్రికలు పెద్ద వార్తగా రాశాయి. అంత పేరొచ్చాక వెంటనే ఇంకోటి రాయాలనే ఒత్తిడి ఎవరికైనా ఉంటుంది. ఆవిడ పదేళ్లు తీసుకున్నారు. మూడోదానికి ఇంకో పదకొండేళ్లు. ఆ మూడోదే, 'ద గోల్డ్‌ఫించ్', 2014లో అమెరికాలో పేరున్న పులిట్జర్ బహుమతి గెలిచింది.

ఆవిడ నోటుపుస్తకాల్లో చేత్తో రాస్తారు. ఒకసారి రాసిన పేజీని ఎర్ర పెన్సిల్‌తో దిద్దుతారు, దాని మీద నీలం పెన్సిల్‌తో, ఆ తర్వాత ఆకుపచ్చతో. అలాంటి పేజీ ఒకటి ఊహించుకోండి. నల్ల అక్షరాల మధ్య మూడు రంగుల కొట్టివేతలు, బాణాలు, పక్కన ఇరికించిన మాటలు. ఏ వాక్యం ఎన్నిసార్లు మారిందో రంగే చెబుతుంది. నాకు ఆవిడ పద్ధతిలో అన్నిటికన్నా నచ్చింది ఇదే. కంప్యూటర్లో దిద్దితే పాత వాక్యం ఆనవాలు లేకుండా పోతుంది. కాగితం మీద ఎర్రతో కొట్టేసిన మాటే ఒక్కోసారి ఆకుపచ్చ దశలో తిరిగి పనికొస్తుంది.

మరి ఏది మేలు?

చదివేవాడిగా అడిగితే నా ఓటు టార్ట్‌కే. 'ద సీక్రెట్ హిస్టరీ'లో హత్య ఎవరిదో, ఎవరు చేశారో మొదటి పేజీలోనే చెప్పేస్తారు. అయినా చివరిదాకా పుస్తకం కింద పెట్టలేం. ఆ బిగువు తొందరలో రాదు. కింగ్ వేగానికి మూల్యం కూడా ఉంది. తాగుడు, మత్తు ముదిరిన రోజుల్లో రాసిన 'కూజో' నవల రాసినట్టే తనకు సరిగ్గా గుర్తులేదని ఆయనే ఒప్పుకున్నారు.

రాయాలనుకునేవాడిగా అడిగితే మాత్రం కింగ్ దారే మేలంటాను, కనీసం మొదటి నవలకు. నెమ్మదిగా రాయడం డబ్బున్నవాళ్ల వ్యవహారం అని కొందరంటారు. అది సరికాదు. టార్ట్ తన మొదటి ఎనిమిదేళ్లూ పెద్ద అడ్వాన్సు చూడకముందే గడిపారు. అసలు ఇబ్బంది వేరే. నెమ్మదిగా రాస్తున్నవాడూ, రాయడం మానేసినవాడూ బయటికి ఒకేలా కనిపిస్తారు. కొన్నాళ్లకు మనక్కూడా తేడా తెలియదు. నా సంగతే చెబుతాను. 'ఇంకా ఆలోచిస్తున్నాను' అంటూ నాలుగేళ్లు గడిపాను. ఆ నాలుగేళ్లలో నా దగ్గర మిగిలింది పదకొండు పేజీలు. రోజుకు మూడు వందల పదాలని లెక్క పెట్టుకున్నాకే కథ కదిలింది. మన వారపత్రికల సీరియల్ రచయితలకు ఈ సంగతి బాగా తెలుసు. వచ్చే వారం భాగం ఇవ్వాలి అనే టెన్షన్ కూర్చోబెట్టి రాయిస్తుంది.

ఈ ఇద్దరి మధ్య పోటీ పెట్టింది మనమే. 'ద గోల్డ్‌ఫించ్' రాగానే న్యూయార్క్ టైమ్స్‌లో దాన్ని మెచ్చుకుంటూ సమీక్ష రాసింది స్టీఫెన్ కింగే. 2015లో అదే పత్రికలో, ఎక్కువ రాయడం తప్పా అని చర్చించిన వ్యాసంలోనూ టార్ట్‌ను గత యాభై ఏళ్లలో వచ్చిన అత్యుత్తమ అమెరికన్ నవలాకారుల్లో ఒకరన్నారు. తన విషయంలో మాత్రం వేరే దారే లేకపోయిందన్నారు. వయసులో ఉన్నప్పుడు బుర్రలో కథలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చేవట.

ఆ వేరే దారి లేకపోవడం ఎలాంటిదో ఒక సంఘటన చెబుతుంది. 1999 జూన్ 19న రోడ్డు పక్కన నడుస్తుండగా ఒక వ్యాను కింగ్‌ను గుద్దింది. కాలు నుజ్జయింది, తుంటి విరిగింది. అయిదు వారాల తర్వాత, జూలై 24న, టాబితా ఇంటి వెనక వైపు ఒక బల్ల సర్ది, చక్రాల కుర్చీలో ఆయన్ను అక్కడ కూర్చోబెట్టారు. మొదటి అయిదు వందల పదాలకే భయం పట్టుకుందట, అంతకుముందెప్పుడూ రాసి ఎరగనట్టు. నొప్పితో, ఒళ్లంతా చెమటతో రాశారు. ఆ రోజు గంటా నలభై నిమిషాలు కూర్చున్నారు.