పెరట్లో ఇటుకల పిజ్జా పొయ్యి: డెల్టా నేలలో ఏళ్ల తరబడి వాడాక

గోదావరి డెల్టాలో రాజోలు వైపు కొబ్బరితోటలో, చేత్తో కట్టిన గుమ్మటం పొయ్యి ఇది. లోపలి వ్యాసం 36 అంగుళాలు, గుమ్మటం ఎత్తు 18, నోరు 18 వెడల్పు, 11 ఎత్తు. మళ్లీ కట్టాల్సొచ్చినా ఇవే కొలతలు. నోటి ఎత్తు గుమ్మటం ఎత్తులో 63 శాతం దగ్గర ఉండాలన్న లెక్క ఊరికే పెట్టింది కాదు. నోరు అంతకన్నా ఎత్తయితే వేడి బయటికి పోతుంది, పొట్టిదైతే పొగ తిరగబడుతుంది.

వంట సంగతిలో దీనికి వంక పెట్టడానికి లేదు. అయితే మన దగ్గర ఈ పొయ్యికి శత్రువు మంట కాదు, నెమ్ము. బయట దొరికే ప్లాన్లలో మంటను తట్టుకునే సంగతులే ఎక్కువ. కింద నుంచి ఎక్కే తడి గురించి, ఏటవాలుగా కొట్టే తుపాను జల్లు గురించి ఒకటి రెండు ముక్కలతో సరిపెడతారు. ఇక్కడ కట్టేవాళ్లు అసలు ఖర్చు, అసలు శ్రద్ధ అక్కడే పెట్టాలి.

ముందు పునాది. పొయ్యిని మోసే దిమ్మె, దాని మీది శ్లాబు, గుమ్మటం కలిపి బరువు మూడు టన్నులు దాటుతుంది. నల్లమట్టి వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలిస్తుంది కాబట్టి దాని మీద నేరుగా కడితే ఒక మూల కుంగిపోతుంది. రెండడుగుల లోతున మట్టి మొత్తం తీసేసి, గోదావరి ఇసుక అరడుగు పొరలుగా పోసి, ప్రతి పొరనూ తడిపి దిమ్మిసతో కొట్టాలి. ఆపైన ఆరంగుళాల కాంక్రీటు, సిమెంటు, ఇసుక, కంకర 1:2:4 పాళ్లలో, 10 ఎంఎం ఊచలు అడ్డం నిలువు అరడుగుకొకటి చొప్పున. ఈ కాంక్రీటు పైమట్టం పెరట్లో ముంపు నీళ్లు నిలిచే ఎత్తు కన్నా అరడుగైనా పైకి ఉండాలి. గోడలు లేపేముందు తారు పూసి మందపాటి పాలిథిన్ పట్టా పరవండి. ఈ పట్టా లేకపోతే ఇటుకలు నేలలోని తడిని శ్లాబు దాకా పీల్చేస్తాయి, పైన ఎంత కప్పినా లాభం ఉండదు.

దిమ్మె మూడడుగుల ఎత్తు, మూడు వైపులా గోడ, ముందు ఖాళీ. పైన నాలుగంగుళాల శ్లాబు, అయిదడుగులకు ఆరడుగులు. శ్లాబు పోసేటప్పుడే అరంగుళం గొట్టం ముక్కలు నాలుగు నిలబెట్టి చిల్లులు ఉంచుకోవాలి. ఎలాగో చేరిన నీళ్లకు బయటికి దారి ఇవే. ఆ పైన వర్మిక్యులైట్ (వేడిని కిందికి దిగనివ్వని తేలికపాటి ఖనిజపు పలుకులు) 5 పాళ్లు, సిమెంటు 1 పాలు కలిపి నాలుగంగుళాలు పరిచి బాగా ఆరనివ్వాలి. పొయ్యి అడుగుభాగం, అంటే పిజ్జా కాలేచోటు, ఇటుకలు పరిచేది దీని మీదే.

ఇటుకల విషయంలో నిర్మొహమాటంగా చెప్పాలి. ఊకతో కాల్చిన మన నాటు ఇటుక గోడలకు మంచిదే, పొయ్యి అడుగుకి మాత్రం పనికిరాదు. నీళ్లు బాగా పీలుస్తుంది, సమంగా ఉండదు, వేడి ఎక్కి దిగేకొద్దీ పెచ్చులూడి పిజ్జా కింద ఇసుకలా తగులుతుంది. గుమ్మటానికి డబ్బు చాలకపోతే బాగా కాలిన నాటు ఇటుక వాడుకోవచ్చు. రెండు ఇటుకలు ఒకదానికొకటి కొడితే ఖంగుమనాలి, మొద్దుగా మోగితే పక్కన పెట్టేయండి. అడుగుకి మాత్రం ఫైర్ బ్రిక్స్ (మంటను తట్టుకునే ఇటుకలు) తప్పవు. 230, 115, 75 ఎంఎం కొలతవి అడుగుకి 30, గుమ్మటానికి సగాలుగా కోసి 85, నోటి కమానుకి 20, విరుగుళ్లకి కొన్ని. మొత్తం 140 చెప్పుకోండి. అడుగు ఇటుకలను సున్నం, సిమెంటు లేకుండా, ఇసుక, ఫైర్ క్లే (మంటను తట్టుకునే బంకమట్టి) కలిపిన పలచటి పొర మీద నోటికి ఐమూలగా పేర్చాలి. అలా పేరిస్తే పిజ్జా పెట్టే తెడ్డు అంచు సందుల్లో తగలదు, ఒకటి పగిలినా దాన్నొక్కదాన్నే లేపి మార్చుకోవచ్చు.

గుమ్మటానికి మాలు: జల్లించిన సన్న ఇసుక 3, సిమెంటు 1, సున్నం 1, ఫైర్ క్లే 1, అన్నీ డబ్బా కొలతే. ఫైర్ క్లే ఒక్కదానితోనే కట్టమని చెప్పేవాళ్లున్నారు. ఈ పొయ్యికి ఎప్పుడూ రానంత వేడి తగిలితే తప్ప అది గట్టిపడదు, ఈలోగా నెమ్ము తగిలితే మళ్లీ మెత్తబడుతుంది. సిమెంటు మొదట్లో పట్టు ఇస్తుంది. మంట దగ్గర దాని బలం తగ్గేసరికి సున్నం, క్లే ఆ పని అందుకుంటాయి. ఇటుకలు నానబెట్టే నీళ్లు, మాలు కలిపే నీళ్లు తీపి నీళ్లే కావాలి. సముద్రం దగ్గరి ఊళ్లలో, రొయ్యల చెరువుల పక్కన బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, ఆ ఉప్పు తర్వాత తెల్లగా పైకి తేలి అతుకుల్ని తినేస్తుంది. సంక్రాంతి వెళ్లాక మొదలుపెడితే వేసవిలో కాలువలకు నీళ్లు కట్టేసే లోపు పని అయిపోతుంది, ఆరడానికి ఎండలూ దొరుకుతాయి.

లోపలి వైపు అతుకు రెండు మూడు ఎంఎం మించకూడదు. నోటి కమానుకీ పొగగొట్టం కమానుకీ మధ్య పావంగుళం సందు వదిలి సిరామిక్ తాడు (వేడిని తట్టుకునే పీచు తాడు) కూరండి. గుమ్మటం వేడికి పెరుగుతుంది, గొట్టం అంతగా పెరగదు. సందు లేకపోతే పగులు ముందు అక్కడే వస్తుంది.

గుమ్మటం మీద 25 ఎంఎం సిరామిక్ దుప్పటి (వేడిని లోపలే ఆపే పీచు పరుపు) రెండు పొరలు కప్పాలి. విశాఖ, విజయవాడల్లో ఫర్నేసు సామాను అమ్మేచోట దొరుకుతుంది. ఆ పైన రెండంగుళాల ఊక బూడిద పూత, బూడిద 6 పాళ్లు, సిమెంటు 1. ఉక్కు కర్మాగారాల్లో కరిగిన లోహం చల్లారకుండా పైన చల్లేదీ ఊక బూడిదనే. రైసు మిల్లు బాయిలరు దగ్గర తెల్లబడిన బూడిద తీసుకోండి, నల్లటి దాంట్లో కాలని బొగ్గు ఉంటుంది. కలిపేటప్పుడు, దుప్పటి కోసేటప్పుడు ముక్కుకి మాస్కు తప్పనిసరి. చివరి పూత వేసేటప్పుడు గుమ్మటం నెత్తిన అంగుళం గొట్టం ఒకటి దుప్పటి దాకా దించి, పైన మూత పెట్టాలి. ఈ గొట్టం వల్ల కలిగే మేలు మొదటి వానాకాలం తర్వాత తెలుస్తుంది. తడిసిన పొయ్యి వెలిగించినప్పుడు అందులోంచి ఆవిరి సన్నగా లేస్తూ కనిపిస్తుంది. దారి లేకపోతే ఆ ఆవిరే పూతను ఉబ్బించి పగలగొడుతుంది.

తొలి మంట తొందరపడకూడదు. వారం రోజులు సన్న మంటలే. మొదటి రోజు 100 డిగ్రీలు, రోజుకో 50 పెంచుకుంటూ 400 దాకా. కొబ్బరి డొక్కలు అప్పుడు అసలు వద్దు, ఒక్కసారిగా భగ్గుమంటాయి.

వాడకంలో సరుగుడు కట్టెకు సాటి లేదు. ఎండినది పది పన్నెండు కిలోలు ఉంటే గంటన్నరలో పొయ్యి సిద్ధం. గుమ్మటం లోపల పట్టిన మసి నడినెత్తి దగ్గర మొదలై పక్కలకు దిగుతూ కాలిపోయి, ఇటుక అసలు రంగు బయటపడుతుంది. ఆ రంగు పొయ్యి అడుగుభాగం దాకా దిగాక నిప్పులు ఒక పక్కకు నెట్టి, తడిగుడ్డతో అడుగు తుడవాలి. అడుగు 400 దగ్గర ఉంటే పిజ్జా నిమిషంన్నరలో తయారు. మైదా కిలోకి నీళ్లు 600 మిల్లీలీటర్లు, ఉప్పు 25 గ్రాములు, పొడి ఈస్టు ఒక్క గ్రామే. మన ఉక్కలో అంతకు మించితే పిండి పులిసి జారిపోతుంది, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి. పిజ్జాల తర్వాత తలుపు మూస్తే మర్నాడు పొద్దున 200 పైనే ఉంటుంది. రొట్టెకి, అరటాకులో చుట్టిన పండుగప్పకి, చిలగడదుంపలకి ఆ వేడి చాలా బాగా సరిపోతుంది.

ఇన్నేళ్లలో వచ్చిన తేడాల్లో పైపూత మీది వెంట్రుకల్లాంటి పగుళ్లకు భయపడక్కర్లేదు, ఏటా ఎండాకాలం చివర సున్నం, బూడిద కలిపి మెత్తితే చాలు. దిమ్మె నుంచి గుమ్మటం దాకా ఒకే గీతగా పగిలితే మాత్రం అది పునాది కుంగడమే, పైన ఎంత పూసినా ఆగదు. మామూలు గంటన్నర కాస్తా మూడు గంటలవుతున్నా, బయటి పూత చేతికి కాలుతున్నా దుప్పటి తడిసిందని అర్థం. మూడు నాలుగు రోజులు సన్న మంట పెట్టి ఆరబెట్టాకే పెద్ద మంట వేయాలి.

కప్పు రేకులదే వేయండి, రెండడుగుల చూరు దించి. పక్కనే తాటాకు పాక ఉంటే పొయ్యికి వేరే చోటు చూసుకోండి, నిప్పురవ్వ చాలు. దిమ్మె కింద ఖాళీలో కట్టెలు పెట్టుకుంటే పొడిగా ఉంటాయి కానీ పాములూ తేళ్లూ చేరతాయి. కట్టెల్ని నేలకు ఆనకుండా ఇనప చట్రం మీద పేర్చి, చీకట్లో చెయ్యి పెట్టేముందు కర్రతో కదపండి.