షోరూంలో మడిచి చూపించిన స్ట్రోలర్ వేరు, డబ్బాలో ఇచ్చింది వేరు. కొనబోయేవాళ్లు జాగ్రత్త

రాత్రి పదకొండున్నర అయింది. పాప ఇప్పుడే పడుకుంది. కుడిచేతి చూపుడు వేలికి కట్టు. నిద్రలో కూడా ఆ చెయ్యి దుప్పటికి తగలకుండా పైకి పెట్టుకుంటోంది. అది చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండిపోతోంది. సాయంత్రమే ఆ షాపు నుంచి వచ్చాను. రేపటిదాకా ఆగితే కోపం తగ్గి పోనీలే అనుకుంటానేమో, అందుకే ఇప్పుడే రాసేస్తున్నా.

షాపు పేరు రాయను. హైదరాబాద్‌లో పసిపిల్లల సామాన్లు కొన్నవాళ్లలో చాలామంది ఆ గడప తొక్కే ఉంటారు. ఉయ్యాల, వాకరు, కారు సీటు అన్నీ ఒక్కచోటే దొరుకుతాయని మా అక్క చెప్పింది, వెళ్లాను.

మేముండేది మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. కారుకి సీఎన్‌జీ కిట్ ఉంది, డిక్కీలో సగం సిలిండరే. తోటికోడలు ఇచ్చిన పెద్ద ప్రామ్ ఒకటుంది. గట్టి బండే కానీ కిందికి దించితే మళ్లీ పైకెక్కించడానికి మా ఆయన ఆఫీసు నుంచి రావాల్సిందే. పాపకి పదకొండో నెల, పుట్టువెంట్రుకలు తిరుమలలో తీయిస్తామని మొక్కు. రేణిగుంటకి విమానం టిక్కెట్లు తీశాం. ఒక చంకలో పాపని, ఇంకో చేత్తో బండిని పట్టుకుని మెట్లెక్కగలగాలి, ప్రయాణంలో అడ్డం కాకూడదు, తర్వాత రోజూ కూరగాయలకి, పార్కుకి పనికిరావాలి. నాకు కావలసింది అంతే.

షాపాయనే ఎదురొచ్చాడు. "రండక్కా, కూర్చోండక్కా" అని పాపకి గిలక్కాయ ఇచ్చాడు. నల్ల గుడ్డ, వెండి రంగు ఫ్రేము ఉన్న బండి ముందుకు లాగాడు. హ్యాండిల్ మీద బటన్ నొక్కి మణికట్టు కాస్త తిప్పాడు, బండి మొత్తం ఒక్క ఊపులో మడుచుకుపోయి తనంతట తనే నిలబడింది. "ఒక్క చెయ్యి అక్కా, చూశారుగా. అయిదున్నర కిలోలే. విమానంలో పైన అరలో పెట్టేసుకోవచ్చు. ఇరవై రెండు కిలోల దాకా ఆగుతుంది, పాపకి నాలుగేళ్లొచ్చేదాకా మళ్లీ బండి కొనే పనిలేదు." నా చేతికిచ్చి నాచేత కూడా మడిపించాడు. మూడుసార్లు మడిచి విప్పాను. తెరిచిన ప్రతిసారీ పక్కన ఇనప లాకు టంగుమని పడింది. ఆ చప్పుడు నాకు బాగా గుర్తుంది, ఎందుకో తర్వాత చెబుతాను.

ఇదే ఇవ్వండి అన్నాను. అప్పుడు ఆయన అన్న మాట ఇది. "అది డిస్‌ప్లే పీసక్కా. నలుగురు ముట్టుకున్నది మీకెందుకిస్తాను? సీలు తియ్యని డబ్బా ఇస్తా. మా చెల్లికీ ఇదే ఇచ్చాను."

నాకు ఎంత సంతోషమేసిందో! మనవాడిలా ఆలోచించాడు అనుకున్నాను.

బిల్లుతో 8,200, బిల్లు లేకపోతే 7,500 అన్నాడు. "మీ ఇష్టం అక్కా, మిమ్మల్ని ట్యాక్సుల్లో ముంచడం దేనికని" అన్నాడు. ఏడు వందలు మిగులుతాయని చీటీ తీసుకుని వచ్చేశాను. తెల్ల కాగితం మీద పెన్నుతో అంకె, తేదీ, అంతే. డబ్బు ఫోన్‌లో కట్టాను, ఇప్పుడు నా చేతిలో ఉన్న రుజువు అదొక్కటే. డబ్బా అక్కడే విప్పించాలని నాకు తట్టనేలేదు. పాలప్యాకెట్ మీద తేదీ చూడకుండా కొనని దాన్ని, నా బిడ్డని కూర్చోబెట్టే బండిని కళ్లతో చూడకుండా ఇంటికి మోసుకొచ్చాను. ఈ తప్పు నాది, ఒప్పుకుంటున్నాను.

ప్రయాణానికి ముందురోజు రాత్రి డబ్బా విప్పాం. అదే నలుపు, అదే వెండి రంగు. కానీ మడవాలంటే రెండు చేతులూ కావాలి, పైగా కింద ఓ పెడల్ కాలితో తొక్కాలి. పక్కన ఎర్ర ప్లాస్టిక్ బటన్. మడిచాక నిలబడదు, గోడకి ఆనిస్తే జారి పడుతోంది. "కొత్తది కదా, బిగుతుగా ఉంటుందిలే" అన్నారు మా ఆయన. నేనూ అంతే అనుకున్నాను. శంషాబాద్‌లో సామాన్ల తూకం మీద పెడితే 7.9 కిలోలు చూపించింది. చేతి సామానుకి ఉండే పరిమితే 7 కిలోలు, కొలత 55, 35, 25 సెంటీమీటర్లు. ఇది ఏ వైపు నుంచి చూసినా అందులో పట్టదు. అక్కడి అమ్మాయి మర్యాదగా ట్యాగు కట్టి, విమానం ఎక్కే చోట ఇచ్చేయమంది. పసిపిల్లల బండి కాబట్టి డబ్బులేమీ అడగలేదు. నష్టమేమీ జరగలేదు కాబట్టి అప్పుడు కూడా ఆలోచించలేదు. అయిదున్నర ఎక్కడ, ఎనిమిదికి దగ్గరగా ఉన్నది ఎక్కడ? అక్కడే ఆగి ఉండాల్సింది.

తిరుమలలో కల్యాణకట్టలో గుండు చేయించాం. పాప ఏడ్చి ఏడ్చి అలసిపోయింది. స్నానం చేయించి, తలకి గంధం రాసి, పట్టు లంగా వేసి స్ట్రోలర్లో కూర్చోబెట్టి బెల్టు పెట్టాను. ఏడాది నిండని పిల్లలున్నవాళ్లని సుపథం దారిలో దర్శనానికి పంపుతారు కదా, అంతకుముందు గదికి వెళ్లి పాలు పట్టి బయల్దేరదామని నెమ్మదిగా తోసుకుంటూ వస్తున్నాను. దారిలో రాతి పలకల మధ్య చిన్న సందు. ముందు చక్రాలు అందులో దిగాయి, నేను హ్యాండిల్ కొంచెం కిందికి నొక్కాను, అందరం చేసే పనే. టక్‌మని చప్పుడు. కుడివైపు కొక్కెం ఊడిపోయింది. హ్యాండిల్ నా చేతుల్లోంచి ముందుకి వాలిపోయింది, బండి పాపని లోపల పెట్టుకునే మడుచుకోబోయింది. బెల్టు ఉండబట్టి పడిపోలేదు. కానీ తన చెయ్యి పక్క గొట్టం మీద ఉంది, సరిగ్గా అది వంగే చోట.

పాప ఆ ఏడుపు నేనెప్పుడూ వినలేదు. మా ఆయన రెండు చేతులతో గొట్టాలు విడదీస్తే వేలు బయటికొచ్చింది. గోరు నీలంగా మారిపోయింది, పక్కన చర్మం చీలి రక్తం. పూలు అమ్ముకునే ఒకావిడ తన సీసాలో నీళ్లు పోసింది. కొండ మీదే ఉన్న అశ్విని ఆస్పత్రికి పరిగెత్తాం. ఎముకకి ఏమీ కాలేదన్నారు, కట్టు కట్టారు. తర్వాత దర్శనం అయింది. ఎన్నాళ్లుగానో అనుకున్న దర్శనం. స్వామి ఎదుట ఉన్న ఆ కాసేపూ నా చూపు పాప వేలి మీదే ఉంది.

గదికి వచ్చాక బండిని తలకిందులు చేసి చూశాను. కీలు దగ్గర ఇనప లాకు లేదు, గోరంత ప్లాస్టిక్ కొక్కెం ఒకటి. దానికి రెండోది తోడు లేదు. అంటే ఆ ఒక్క కొక్కెం జారితే బండిని ఆపేది ఇంకేదీ లేదు. ఎడమవైపుది కూడా సగమే పట్టుకుని ఉంది, వేలితో నెడితే కదులుతోంది. సీటు గుడ్డ ఎత్తితే అడుగున చిన్న లేబుల్ కనిపించింది, గరిష్ఠ బరువు 15 కిలోలు అని. నాతో చెప్పింది 22. ఈ రెండు అంకెలూ ఊరికే వచ్చినవి కాదట. యూరప్‌లో ఈ బండ్లకి ఉండే ఈఎన్ 1888 ప్రమాణంలో మొదటి భాగం 15 కిలోల లోపు పిల్లలకి, రెండో భాగం 15 దాటి 22 కిలోల దాకా ఉన్న పిల్లలకి. ఆ రాత్రి నిద్రపట్టక చదువుతూ కూర్చున్నాను. 2009 నవంబరులో అమెరికాలో మెక్లారెన్ కంపెనీ పది లక్షల దాకా స్ట్రోలర్లకి రీకాల్, అంటే అమ్మేసిన బండ్లలో లోపం ఉందని ఒప్పుకుని సరిచేసే ఏర్పాటు, ప్రకటించింది. మడిచే కీలులో వేలు పడి పన్నెండుమంది పిల్లలకి వేలి కొసలు తెగిపోయాయని, ఆ కీళ్ల మీద వేసే తొడుగులు ఉచితంగా ఇచ్చారని చదివాను. అంత పేరున్న బండికే అలా అయితే, పేరే లేని ఈ బండిలో మా పాప వేలు మిగలడం ఎంత అదృష్టమో అప్పుడు అర్థమైంది. చేతులు వణికాయి.

ఇక ఈ సాయంత్రం సంగతి.

బండి పట్టుకుని వెళ్లాను. డిస్‌ప్లే పీసు అక్కడే ఉంది. నాదాన్ని తీసుకెళ్లి దాని పక్కనే నిలబెట్టాను. దూరం నుంచి ఒకేలా ఉంటాయి. దగ్గరికొస్తే చక్రాలు వేరు, గొట్టాల మందం వేరు, కీలు వేరు. ఆ బండి తెరిస్తే టంగుమంది, నాది తెరిస్తే చప్పుడే లేదు. షాపాయన వచ్చి "చెప్పండి మేడమ్" అన్నాడు.

పన్నెండు రోజుల కిందట అక్కని. ఇవాళ మేడమ్‌ని.

రెండూ చూపించి, ఇది అది కాదు కదా అన్నాను. "మోడల్ ఒకటే మేడమ్, బ్యాచ్ వేరు" అన్నాడు. బరువు చెప్పాను, లేబుల్ చూపించాను, పాప వేలు చూపించాను. వేలి వైపు చూడలేదు. "బిల్లుందా?" అన్నాడు. చీటీ తీసిచ్చాను. తిరగేసి చూసి కౌంటర్ మీద పెట్టి, "దీని మీద మా షాపు పేరు ఎక్కడుంది మేడమ్?" అన్నాడు.

ఆ చీటీ రాసింది ఆయనే. ఆ పెన్ను ఇంకా ఆయన జేబులోనే ఉంది.

ఫోన్‌లో కట్టిన డబ్బు చూపిస్తే మాట మార్చాడు. చెప్పు కాలితో బండిని పక్కకి దొర్లించి, "చక్రాలకి మట్టుంది, వాడిన సరుకు వాపసు తీసుకోం" అని గోడ మీద బోర్డు చూపించాడు. బండి సంచీలోంచి పాప గిలక్కాయ కింద పడింది, మొన్న ఆయనిచ్చిందే. వంగి తీసుకుంటుంటే వినపడింది. "పిల్ల చెయ్యి ఎక్కడ పెడుతోందో తల్లి చూసుకోవాలి కదా. బండిని అంటే ఏం లాభం?"

షాపులో అయిదారుగురు ఉన్నారు. ఎవరూ మాట్లాడలేదు. నాకు గొంతు పూడుకుపోయింది. డబ్బు సంగతి వదిలేయండి, పోతే పోయింది. నా బిడ్డకి దెబ్బ తగిలింది నేను చూసుకోకపోవడం వల్లేనని, ఆ బండి అంటగట్టిన మనిషి నా మొహాన అన్నాడు. ఈ నాలుగు రోజులూ నన్ను నేను అనుకుంటున్న మాట కూడా అదే. అందుకే అంత గట్టిగా తగిలింది. దారంతా ఆలోచించాను. కాదు. పిల్ల కూర్చున్న బండి పక్క గొట్టం పట్టుకుంటుంది, ఏ పిల్లైనా అక్కడే పట్టుకుంటుంది. అక్కడ వేలు నలగకుండా చెయ్యాల్సింది బండి చేసినవాడు, అమ్మినవాడు.

నేనుండగానే ఒక జంట వచ్చింది, అమ్మాయి ఏడో నెలో ఎనిమిదో నెలో గర్భిణి. "రండక్కా" అంటూ అదే డిస్‌ప్లే పీసు ముందుకి లాగాడు. ఆగలేకపోయాను. "డబ్బా ఇక్కడే విప్పించి చూడు తల్లీ" అన్నాను. ఆ అమ్మాయి నా బండిని, పాప కట్టుని చూసి వాళ్లాయన చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది. వెనకనుంచి "ఎక్కడ రాసుకుంటారో రాసుకోండి మేడమ్" అన్నాడు. రాస్తున్నాను.

కొనేవాళ్లకి నేను చెప్పగలిగేది కొంచెమే. డిస్‌ప్లే పీసుని మెచ్చుకోవద్దు. మీకిచ్చే డబ్బా అక్కడే విప్పించి, ఆ బండిని మీ చేత్తోనే మడవండి, పిల్లని కూర్చోబెట్టి వెనక చక్రాల మీద రెండుసార్లు వంచి చూడండి. కీలు దగ్గర లాకులు రెండున్నాయా, సీటు కింద లేబుల్ మీద ఎన్ని కిలోలుంది, డబ్బా మీద తయారీదారుదో దిగుమతిదారుదో పేరు, చిరునామా ఉన్నాయా చూడండి. విమానానికైతే టేపు పెట్టి కొలవండి, అమ్మేవాళ్ల మాట నమ్మొద్దు.

బిల్లు మాత్రం వదలొద్దు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడమే అనుచిత వ్యాపార పద్ధతి కిందికి వస్తుంది. లోపం ఉన్న సరుకుని బిల్లులో రాసిన గడువులోగా వెనక్కి తీసుకోవాలి, గడువేమీ రాయకపోతే 30 రోజుల్లోగా. గోడ మీద బోర్డు పెట్టుకున్నంత మాత్రాన అది తప్పిపోదు. నాకింకా పద్దెనిమిది రోజులున్నాయి. పొద్దున్నే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. అయిదు లక్షల లోపు వాటికి ఫీజు కూడా లేదు.

నల్ల గుడ్డ, వెండి రంగు ఫ్రేము, పక్కన ఎర్ర బటన్, కింద పెడల్. ఇలాంటి బండి ఈమధ్య మీరు కొని ఉంటే పిల్లని కూర్చోబెట్టకండి. ముందు రెండు కీళ్ల దగ్గరా ఆ ప్లాస్టిక్ కొక్కేన్ని వేలితో నెట్టి చూడండి. కదిలితే ఫొటో తీసి నాకు పంపండి, నా ఫిర్యాదుకి జతచేస్తాను.