జాతీయ ఆహార సర్వేకు ఏది మేలు: రీకాలా, డైరీయా, ప్రశ్నావళా?

జనం ఏం తింటున్నారో, ఎంత తింటున్నారో తెలుసుకోవడానికి ముఖ్యంగా మూడు పద్ధతులున్నాయి: నిన్న తిన్నదంతా అడిగి రాసుకునే 24 గంటల రీకాల్, తినేటప్పుడే తూచి రాయించే డైరీ, ఏ పదార్థం నెలకెన్నిసార్లు తింటారో అడిగే ఫ్రీక్వెన్సీ ప్రశ్నావళి. పెద్దవాళ్ల సర్వేకైతే రీకాలే మేలు. కాకపోతే ఒక్క రోజుతో ముగించకూడదు.

తూచే డైరీ సూత్రప్రకారం అన్నిటికంటే కచ్చితమైనది. ఒక గ్రాము తేడా చూపే త్రాసుపై వడ్డించిన ప్రతిదీ తూచి, కంచంలో మిగిలింది తూచి తీసేయాలి. చిక్కు మనుషుల దగ్గర వస్తుంది. తూచే శ్రమ తప్పించుకోవడానికి వంట తేలిక చేసుకుంటారు, చిరుతిళ్లు మానేస్తారు. దాంతో మన కొలత వల్లే వాళ్ల తిండి మారిపోతుంది. రోజులు గడిచేకొద్దీ రాతలూ పలచబడతాయి. చదవడం, రాయడం రానివాళ్లు సర్వేకే దూరమవుతారు. బ్రిటన్ 2000–01లో పెద్దలతో ఏడు రోజుల తూకపు డైరీ రాయించింది. 2008 నుంచి తూకం లేని నాలుగు రోజుల డైరీకి, 2019లో ఆన్‌లైన్ రీకాల్‌కు మారింది.

రీకాల్ బలం అడిగే తీరులో ఉంది. అమెరికా జాతీయ సర్వేలో ఐదు విడతలుగా అడుగుతారు. మొదట అడ్డు తగలకుండా చెప్పినదంతా రాసుకోవాలి. తర్వాత పానీయాలు, చిరుతిళ్లు, పండ్లు లాంటి మరిచిపోయే వాటిని గుర్తుచేయాలి. మూడో విడతలో తిన్న వేళ, సందర్భం. నాలుగోది అసలు పని: ఎలా వండారు, నూనె ఎంత, పైన ఏం వేసుకున్నారు, ఎంత తిన్నారు. పరిమాణానికి కొలత గిన్నెలు, ఫొటోల పుస్తకం వాడాలి. ఆఖరున ఇంకేమైనా మిగిలిందా అని ఓసారి అడగాలి. ‘పొద్దున టిఫిన్ చేశారా?’ అంటే చాలామంది అవుననేస్తారు. ‘లేచాక మొదట ఏం తీసుకున్నారు?’ అనాలి. అడగడానికి ఏ రోజు వస్తామో ముందే చెబితే దానికి ముందు రోజు తిండి మారిపోవచ్చు. వారంలోని అన్ని రోజులూ, అన్ని రుతువులూ సర్వేలోకి రావాలి.

ఒక రోజు రీకాల్ జనాభా సగటుకు చాలు. పోషకాల లోపం ఎంతమందికి ఉందో తేల్చడానికి చాలదు. నిన్న పాలు తాగనివాళ్లంతా అసలు తాగనివాళ్లు కాదు కదా. ఒకే మనిషి తిండిలో రోజుకీ రోజుకీ ఉండే తేడా వల్ల అంకెలు రెండు కొసలకూ సాగిపోయి, లోపమూ అతీ రెండూ ఉన్నదానికంటే ఎక్కువ కనబడతాయి. అందుకే రెండో రీకాల్ కావాలి, అదీ వరుస రోజున కాదు. నిన్నటి కూర ఇవాళ కూడా తింటారు. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2014 మార్గదర్శకాల్లోనూ విడివిడిగా రెండు రోజులు అడగమనే ఉంది. పదేళ్లలోపు పిల్లలకు మాత్రం పెద్దవాళ్లు రాసే డైరీనే సూచించింది. డబ్బు చాలకపోతే నమూనాలో కొంతమందినైనా మళ్లీ అడగాలి. ఆ రోజువారీ తేడాను గణాంక పద్ధతితో వేరుచేయవచ్చు.

డేటా ఎక్కించేటప్పుడు పచ్చి, వండిన తూకాలు కలిసిపోతే ఇదంతా వృథా. ధాన్యం వండితే బరువు రెండున్నర, మూడు రెట్లవుతుంది. వండిన గ్రాములకు పచ్చి ధాన్యం కోడ్ (పోషకాల పట్టికలో ఆ పదార్థానికి ఉండే సంఖ్య) పడితే కేలరీలూ అన్ని రెట్లు పెరుగుతాయి.

ప్రశ్నావళితో గ్రాములు లెక్కకట్టవద్దు. ఏడాది తిండిని మనసులో సగటు కట్టి చెప్పడం ఎవరికీ సులువు కాదు, పైగా జాబితా పెరిగేకొద్దీ కూరగాయలు, పండ్లు ఎక్కువ చేసి చెబుతారు. కాలేయం, పీతలు లాంటి అరుదైన వాటికి మాత్రం ఇది అవసరం. రెండు రోజుల రీకాల్‌లో వాటికి చాలామందికి సున్నాలే పడతాయి. అసలు తిననివాళ్లెవరో, అప్పుడప్పుడూ తినేవాళ్లెవరో చిన్న జాబితా విడదీస్తుంది. రీకాల్‌కు అనుబంధంగా పెట్టండి.

ఇంటి ఖర్చు సర్వేలు చవకే గానీ, ఇంట్లో ఎవరెంత తిన్నారో చెప్పవు.

రీకాల్, డైరీ, ప్రశ్నావళి మూడింటిలోనూ జనం మొత్తం తిండిని తక్కువ చేసి చెబుతారు. చెప్పిన కేలరీలను విశ్రాంతి శక్తి అవసరంతో (కదలకుండా ఉన్నా శరీరానికి కావాల్సిన కేలరీలతో) పోల్చితే నమ్మలేనంత తక్కువ చెప్పినవాళ్లు బయటపడతారు. వాళ్లను తీసేయకుండా, వాళ్లతోనూ, లేకుండానూ రెండు లెక్కలూ ప్రచురించాలి. ఉప్పు ఏ ప్రశ్నకూ సరిగా చిక్కదు. దానికి 24 గంటల మూత్రం సేకరించాలి, తిన్న సోడియంలో దాదాపు 90 శాతం అందులోనే పోతుంది. మొదటి రోజు ఉదయపు తొలి విసర్జన వదిలేసి, మర్నాటి ఉదయపు తొలి విసర్జన కలపాలి. మధ్యలో ఏదైనా పోగొట్టుకుంటే ఆ నమూనా పక్కనపెట్టాలి.