ఎస్‌ఎంపీఎస్ టెస్టరా, మల్టీమీటరా? ఏళ్ల వాడకం తర్వాత సమీక్ష

డెస్క్‌టాప్ ఆన్ కాకపోయినా, ఆటలో ఉండగా టప్పున ఆరిపోయినా నింద ముందుగా ఎస్‌ఎంపీఎస్ మీదే, అంటే క్యాబినెట్‌లో అన్ని భాగాలకూ కరెంటు అందించే డబ్బా మీదే పడుతుంది. ఆ నింద నిజమో కాదో తేల్చడానికి ఇంట్లో వాడదగ్గ పనిముట్లు రెండు. ఒకటి, 24 పిన్ల కనెక్టర్ గుచ్చగానే అంకెలు చూపించే అరచేయంత ఎల్‌సీడీ టెస్టర్. రెండోది వోల్టేజి కొలిచే మల్టీమీటర్. రెండూ చాలాకాలంగా వాడుతున్నాను. ఒక్కటే కొనాలంటే మాత్రం మల్టీమీటరే కొనండి. టెస్టర్ పనికిరాదని కాదు. అది చెప్పే ‘ఓకే’కి అర్థం చాలా చిన్నది, అందుకు.

ముందు టెస్టర్ సంగతి. క్యాబినెట్‌లోంచి 24 పిన్లదీ, ప్రాసెసర్‌కు వెళ్లే 4+4 పిన్లదీ ఊడదీసి టెస్టర్‌కు బిగించి, వెనక స్విచ్ వేస్తే చాలు. ఆకుపచ్చ వైరును నల్ల వైరుతో కలపాల్సిన పని లేదు, లోపల అదే కలుపుకుంటుంది. 12, 5, 3.3, మైనస్ 12, స్టాండ్‌బై 5 వోల్టులు ఒకేసారి తెర మీద కనిపిస్తాయి. వోల్టేజి తక్కువైతే ఆ గడిలో ఎల్‌ఎల్ అనీ, ఎక్కువైతే హెచ్‌హెచ్ అనీ చూపించి కీచుమంటుంది. పూర్తిగా చచ్చిన ఎస్‌ఎంపీఎస్‌ను పట్టుకోవడానికి ఇంతకంటే తొందరైన దారి లేదు.

ఆ తెర మీద నాకు ఎక్కువ పనికొచ్చేది పీజీ, అంటే పవర్ గుడ్ అన్న గడి. వోల్టేజీలు నిలకడకు వచ్చాక ‘ఇక మొదలెట్టు’ అని బూడిదరంగు వైరు మీద మదర్‌బోర్డుకు వెళ్లే సంకేతం అది. 100 నుంచి 500 మిల్లీసెకన్ల మధ్య రావాలి. రాకపోతే బోర్డు రీసెట్‌లోనే ఉండిపోతుంది. ఫ్యాన్లు తిరుగుతాయి, లైట్లు వెలుగుతాయి, డిస్‌ప్లే మాత్రం రాదు. ర్యామ్ తీసి రబ్బరుతో తుడిచి తుడిచి విసిగిపోయేవాళ్లు చాలామంది చూడనిది దీన్నే. మల్టీమీటర్‌తో బూడిద వైరు మీద 5 వోల్టులు ఉన్నాయో లేవో చూడగలం కానీ, ఎన్ని మిల్లీసెకన్లకు వచ్చాయో చూడలేం. ఈ ఒక్క పనిలో టెస్టర్‌దే పైచేయి.

ఇక లోపం. టెస్టర్ లోపల ఎస్‌ఎంపీఎస్ మీద పడే లోడు కొద్ది వాట్లే. ఖాళీ బండి ఏ ఎద్దయినా లాగుతుంది, బస్తాలు ఎక్కించాకే దాని సత్తా తెలిసేది. గ్రాఫిక్ కార్డు నడుస్తుండగా 11.2 వోల్టులకు జారిపోయే సరుకు కూడా టెస్టర్ మీద 12.1 చూపించి దర్జాగా పాసవుతుంది. ‘టెస్టర్‌లో పెట్టి చూశాం, ఎస్‌ఎంపీఎస్ బాగానే ఉంది, మీ బోర్డే పోయింది’ అని షాపులో అన్నారంటే, ఆ మాటతోనే కొత్త బోర్డు కొనేయకండి. ఇంకో జాగ్రత్త. గ్రాఫిక్ కార్డు 6+2 పిన్నూ, ప్రాసెసర్ 4+4 పిన్నూ చూడ్డానికి ఒకేలా ఉన్నా వాటి ప్లస్సు, గ్రౌండు వరసలు తారుమారుగా ఉంటాయి. టెస్టర్ సాకెట్‌లోకి సులువుగా దిగకపోతే బలవంతంగా నొక్కొద్దు.

మల్టీమీటర్ అసలు బలం, కంప్యూటర్ పని చేస్తుండగానే కొలవగలగడం. డీసీ 20 వోల్టుల రేంజిలో పెట్టి, వాడకుండా వదిలేసిన నాలుగు పిన్ల మోలెక్స్ కనెక్టర్‌లో నల్ల ప్రోబు (మీటరు వైరు చివరి సూది) నల్ల వైరుకూ, ఎర్ర ప్రోబు పసుపుకూ పెడితే 12, ఎరుపుకు పెడితే 5. 3.3 కోసం 24 పిన్ల కనెక్టర్‌ను బోర్డుకు బిగించే ఉంచి, వెనక వైపు నుంచి నారింజ వైరు పక్కన సన్నటి ప్రోబు దించాలి. 12కు 11.40 నుంచి 12.60, 5కు 4.75 నుంచి 5.25, 3.3కు 3.14 నుంచి 3.47. ఇవీ హద్దులు. మైనస్ 12కు మాత్రం అటూఇటూ 10 శాతం దాకా ఉండొచ్చు. 24 పిన్లలో ఒక గది ఖాళీగా కనిపిస్తే వైరు ఊడిందని కంగారు పడొద్దు. పాతకాలపు మైనస్ 5 వోల్టుల చోటది. ఇప్పుడు వాడరు.

మొదట ఖాళీ డెస్క్‌టాప్ తెర మీద ఉండగా కొలిచి రాసుకోండి. తర్వాత ఓసీసీటీ లాంటి ప్రోగ్రాంతో ప్రాసెసర్‌నూ, గ్రాఫిక్ కార్డునూ ఒకేసారి పరుగెత్తించి, పావుగంట తర్వాత అదే చోట మళ్లీ కొలవండి. 12.10 కాస్తా 11.95 అయితే పర్వాలేదు. 11.5కు వచ్చి ఇంకా జారుతుంటే హద్దు దాటలేదని సంతోషించకండి, వేసవిలో దాటుతుంది. గ్రాఫిక్ కార్డు కనెక్టర్ దగ్గర 11.5, మోలెక్స్ దగ్గర 12.0 వచ్చిందంటే తప్పు ఎస్‌ఎంపీఎస్‌ది కాకపోవచ్చు. ఆ కేబుల్ ఊడదీసి చూడండి. ఒక పిన్ను చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగి ఉంటుంది. మాడ్యులర్ ఎస్‌ఎంపీఎస్ (కేబుళ్లు ఊడదీయగలిగేది) అయితే దాని కేబుల్ బదులు ఇంకో కంపెనీది పెట్టొద్దు. ఎస్‌ఎంపీఎస్ వైపు పిన్ల వరసకు ఉమ్మడి పద్ధతంటూ లేదు. హార్డ్ డిస్కు 5 వోల్టుల లైనులోకి 12 వెళ్తే డిస్కుతోపాటు అందులోని ఫొటోలూ పోతాయి.

సాఫ్ట్‌వేర్ చూపించే వోల్టేజీలను లెక్కలోకి తీసుకోను. సెన్సార్ లెక్క తప్పి 12 వోల్టుల చోట 8 చూపించే బోర్డులున్నాయి. నిజంగా 8 ఉంటే ఆ అంకె చూడ్డానికి కంప్యూటర్ నడుస్తూ ఉండదు. విండోస్‌లో కనిపించే కెర్నల్ పవర్ 41 కూడా అంతే. పద్ధతిగా షట్‌డౌన్ కాలేదని చెబుతుంది, కారణం చెప్పదు.

స్టాండ్‌బై లైను గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఇళ్లలో అది తరచూ పోతుంటుంది కాబట్టి. కంప్యూటర్ ఆపినా, గోడ స్విచ్ కట్టేయనంతసేపూ ఊదారంగు వైరు మీద 5 వోల్టులు ఉంటూనే ఉంటాయి. ఆ భాగానికి రాత్రీపగలూ విశ్రాంతి లేదు, దాని కెపాసిటర్ (కరెంటును కాసేపు నిల్వ ఉంచే భాగం) ముందు ఎండిపోతుంది. ఉదయం బటన్ నొక్కితే రాదు, పదిసార్లు స్విచ్ వేసి తీస్తే వస్తుంది, ఒకసారి వేడెక్కాక రోజంతా బాగానే నడుస్తుంది. ఈ లక్షణం ఉంటే ఊదా వైరు కొలవండి. 4.75కు తక్కువుంటే ఎస్‌ఎంపీఎస్ మార్చాల్సిందే. ఎస్‌ఎంపీఎస్ లోంచి టిక్ టిక్ అని వినిపిస్తుంటే 24, 4+4 పిన్ల కనెక్టర్లు రెండూ పీకి చూడండి. శబ్దం ఆగితే షార్టు బోర్డు వైపుంది, ఆగకపోతే లోపలే. బటన్ నొక్కగానే ఫ్యాను అర చుట్టు తిరిగి ఆగితే గ్రాఫిక్ కార్డు, ముందు యూఎస్‌బీ వైర్లు ఒక్కొక్కటే తీస్తూ ప్రయత్నించండి. ప్రతిసారీ గోడ స్విచ్ కట్టేసి ఒక నిమిషం ఆగాలి. లేకపోతే లోపలి రక్షణ తాళం విడదు, బాగున్న భాగాన్ని కూడా అనుమానిస్తారు.

టెస్టర్ లేనివాళ్లు 24 పిన్ల కనెక్టర్‌ను బోర్డు నుంచి తీసి, ఆకుపచ్చను పక్కనున్న నల్లతో పేపర్ క్లిప్పుతో కలిపి ఆన్ చేస్తారు. వైర్లన్నీ నల్లగా ఉంటే ఊహించి గుచ్చొద్దు, 16వ పిన్ను ఎక్కడుందో బొమ్మ చూసి తేల్చుకోండి. ఫ్యాను తిరగనంత మాత్రాన పోయిందనుకోవద్దు. కొన్ని మోడళ్లలో లోడు పెరిగేదాకా ఫ్యాను కదలదు.

ఈ రెండు పనిముట్లకూ చిక్కని జబ్బు ఒకటుంది. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే లోపల ఎస్‌ఎంపీఎస్ తన పెద్ద కెపాసిటర్‌లోని నిల్వతో నెట్టుకు రావాలి. కొత్తదైతే నిండు లోడు మీద సుమారు 16 మిల్లీసెకన్లు నిలబడుతుంది. ఇన్వర్టర్ వెనక స్విచ్ యూపీఎస్ మోడ్‌లో ఉందో లేదో ముందు చూడండి. సాధారణ మోడ్‌లో మార్పిడి నెమ్మది. మోడ్ సరిగానే ఉండి, ఇంతకాలం తట్టుకున్న కంప్యూటర్ ఇప్పుడు ప్రతి కోతకీ రీస్టార్టవుతుంటే, ముందు అనుమానించాల్సింది ముసలిదైన ఆ కెపాసిటర్‌నే. అప్పుడు కూడా మీటరు అన్నీ సరిగ్గానే చూపిస్తుంది.

క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటోందని ఎస్‌ఎంపీఎస్ మార్చేవాళ్లున్నారు. చాలాసార్లు తప్పు గోడది. ఎర్తింగ్ లేనప్పుడు ఎస్‌ఎంపీఎస్ ఫిల్టర్ కెపాసిటర్ల మీదుగా కొద్దిపాటి కరెంటు డబ్బాలోకి చేరుతుంది. సాకెట్‌లో ఫేజుకూ ఎర్తుకూ మధ్య 230 దగ్గర్లో, న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య రెండు మూడు వోల్టుల లోపు రావాలి. రాకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. ఈ కొలత మాత్రం చవక పసుపు మీటరుతో చేయొద్దు. క్యాట్ 3, 600 వోల్టుల భద్రతా రేటింగు ఉన్నది కావాలి.

డీసీ పనికి ఆ పసుపు డీటీ-830 రకం మీటరు చాలు, రెండు విషయాలు గుర్తుంటే. లోపలి 9 వోల్టుల బ్యాటరీ నీరసిస్తే అది అసలు కంటే ఎక్కువ చూపిస్తుంది. 12.9, 5.5 అని అన్నీ ఒకే తీరున పెరిగి కనిపిస్తే ఎస్‌ఎంపీఎస్‌ను తిట్టకుండా బ్యాటరీ మార్చండి. ఎర్ర వైరు 10 ఆంపియర్ల రంధ్రంలో ఉండిపోయిందేమో కూడా చూసుకోండి. అలాగే 12 వోల్టులకు పెడితే నేరుగా షార్టు. ఎస్‌ఎంపీఎస్ ఆరిపోవడం మంచి ఫలితం, ప్రోబు కరగడం చెడ్డది.

మార్చాల్సి వస్తే డబ్బా మీద 450 వాట్లని ఉన్నది కాదు, పక్క స్టిక్కర్‌పై 12 వోల్టుల కింద ఎన్ని ఆంపియర్లున్నాయో చదవండి. 14 ఆంపియర్లంటే 168 వాట్లే. నిజమైన 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్‌లో అక్కడ 36, 37 ఉంటుంది. పాతది ఇంట్లో విప్పి కెపాసిటర్లు మార్చడం నేను ఎవరికీ చెప్పను. ప్లగ్గు తీసినా లోపలి పెద్ద కెపాసిటర్‌లో మూడొందల వోల్టుల పైచిలుకు కాసేపు నిలిచి ఉంటుంది.

పది కంప్యూటర్లు చూసే మెకానిక్‌కో, కాలేజీ ల్యాబుకో టెస్టర్ సమయం ఆదా చేస్తుంది, తప్పక కొనొచ్చు. ఇంటికి మీటరు. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో కొనేటప్పుడు హీట్ ష్రింక్ ట్యూబు (వేడి చేస్తే బిగుసుకునే ప్లాస్టిక్ గొట్టం) కూడా తెచ్చుకుని, ప్రోబు కొస మూడు మిల్లీమీటర్లు మాత్రమే బయటికి కనిపించేలా తొడగండి. 24 పిన్ల కనెక్టర్ వెనక చేయి వణికినా పక్క పిన్నుకు తగలదు.